నాడీకణాల సంభాషణ: రెండు మూలికల సాక్ష్యం

ఒకప్పుడు చురుకుగా మెలగిన పెద్దాయన నడక క్రమంగా మందగిస్తుంది. చేయి వణుకుతుంది. ముఖంలో నవ్వు కనిపించదు. పిలిస్తే ఆలస్యంగా పలుకుతారు. ఇంటిల్లిపాదీ దీనిని వయోభారమనో, నిర్లక్ష్యమనో భావించి విసుక్కుంటారు. ఇది స్వభావదోషం కాకపోవచ్చు. మెదడులోని నాడీకణాల మధ్య సందేశాలు కుంటుపడడమే కారణం కావచ్చు. ఆయుర్వేదం కంపవాతమని వర్ణించిన ఈ లక్షణాలనే ఆధునిక వైద్యులు పార్కిన్‌సన్ వ్యాధిలో గుర్తిస్తారు.

సందేశం సాగే తీరు

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. చాలాచోట్ల రెండు కణాల నడుమ అతిసూక్ష్మమైన ఖాళీ ఉంటుంది. కణం వెంబడి విద్యుత్తు రూపంలో వచ్చిన సందేశం అక్కడ ఒక రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. అది ఖాళీని దాటి ఎదుటి కణాన్ని ప్రేరేపిస్తుంది లేదా శాంతింపజేస్తుంది. నాడులు రసాయనాల ద్వారా పనిచేస్తాయని ఆటో లోవీ 1921లో కప్ప గుండెలపై ప్రయోగం చేసి చూపారు. 1936లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఇటువంటి రసాయనాలలో డోపమైన్ ఒకటి. మన కదలిక, ఉత్సాహం దీనిపై ఎంతో ఆధారపడతాయి. దీనిని తయారుచేసే కణాలు నశించడమే పార్కిన్‌సన్ వ్యాధికి మూలం.

రెండు మూలికలు

నిద్రలేమికి, ఉన్మాదానికి ఆయుర్వేదం వాడిన సర్పగంధ వేరు నుండి 1952లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం దానిని కుందేళ్లకు ఇవ్వగా అవి కదలిక లేక పడి ఉన్నాయి. మెదడులో డోపమైన్‌గా మారే ఎల్-డోపాను ఇవ్వగా కొద్దిసేపటికే తిరిగి కదిలాయి. 1957లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ ఎల్-డోపా మన దూలగొండి విత్తనాలలో ఉన్నదని దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రజ్ఞులు 1937లోనే వెల్లడించారు. ఆయుర్వేదంలో దీని పేరు కపికచ్ఛువు.

తగు జాగ్రత్తలు

అంతమాత్రాన దూలగొండిని గృహచికిత్సగా వాడరాదు. విత్తనాలలో ఎల్-డోపా పాలు ఒకే రీతిగా ఉండదు. మాత్రలకు తోడుగా తీసుకుంటే మోతాదు మించి వాంతులు, భ్రాంతులు, అసంకల్పిత కదలికలు కలుగవచ్చు. వాడుతున్న మాత్రలను హఠాత్తుగా మానడం ప్రాణాపాయం కూడా కావచ్చు.

మాంసకృత్తులు ఈ మందు ఒంటబట్టడానికి అడ్డుపడవచ్చు. కనుక పప్పు, పాలు, పెరుగుతో కాక భోజనానికి ఎంత ముందు మాత్ర వేసుకోవాలో వైద్యుని అడగాలి. మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, తగినన్ని నీళ్లు ఇవ్వాలి. ప్రతిదినం నడిపించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఓర్పు. తినడానికి, మాట్లాడడానికి వారికి వ్యవధి ఇవ్వండి. ముఖం నవ్వకపోయినా మనసు నవ్వుతూ ఉండవచ్చు.