ఇనుప స్తంభాన్ని కాంక్రీటు దూలం ఎలా పట్టుకుంటుంది?

నున్నటి ఇనుముకు కాంక్రీటు గట్టిగా అంటుకోదు కదా, మరి ఇనుప స్తంభానికి కలిపిన కాంక్రీటు దూలం జారిపోదేం?

మీ ఇంటి గుమ్మం చూడండి. ఒక కొయ్యకు తొలిచిన రంధ్రంలో ఇంకో కొయ్య కొస దూరి బిగుసుకుని ఉంటుంది. ఇక్కడా అదే ఉపాయం! స్తంభానికి ముందే ఇనుప పలకలు, బొడిపెల్లాంటి మేకులు వెల్డింగ్ చేస్తారు. దూలంలోని కడ్డీలను అక్కడ బిగించి, ఆపైన కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక బొడిపెలు లోపలే చిక్కుకుపోతాయి, పిడికిట్లో వేలిలాగా.

కాంక్రీటును నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే చిట్లుతుంది. బరువుకు దూలం నడుమ కుంగితే, స్తంభం దగ్గర దాని పైభాగం సాగుతుంది. అందుకే అక్కడ పైవైపు కడ్డీలు తప్పనిసరి. భూమి కంపిస్తే ఆ లాగుడు ఒకసారి పైన, ఒకసారి కింద. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో అతుకులు బలంగా లేక దెబ్బతిన్న భవనాలు ఎన్నో.