ఎంటాలీ గోడకు అవతల

కోల్‌కతాలో సియాల్దా స్టేషన్ దాటి దక్షిణంగా నడిస్తే ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు వస్తుంది. పాతకాలం వాళ్లకు అది లోయర్ సర్క్యులర్ రోడ్డు. ఎప్పుడూ బస్సుల రొద, హారన్ల మోత. నీల్‌రతన్ సర్కార్ ఆసుపత్రి, లొరెటో బడి, సెయింట్ థెరీసా చర్చి, శిశుభవన్, 54ఏ నంబరు గేటు లోపల మదర్ హౌస్ అన్నీ ఈ రోడ్డు మీదే ఉన్నాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది నేరుగా 54ఏకు వెళ్లి మదర్ థెరీసా సమాధి దగ్గర దండం పెట్టుకుని, ఆవిడ గది చూసి వెనుదిరుగుతారు. ఇక్కడి కథ మాత్రం సమాధి దగ్గర కాక, పక్కనే ఉన్న ఎంటాలీలో, బడి పిల్లలతో మొదలైంది.

ఎంటాలీ లొరెటో ఆవరణలో సెయింట్ మేరీస్ అనే బెంగాలీ మీడియం ఆడపిల్లల బడి ఉండేది. మదర్ థెరీసా అక్కడ పాఠాలు చెప్పారు, తర్వాత ప్రధానోపాధ్యాయిని అయ్యారు. ఆవరణ గోడకు అవతల మోతీఝీల్ మురికివాడ. మఠకన్యలు ఇష్టం వచ్చినప్పుడు గడప దాటకూడదని ఆనాటి లొరెటో మఠ నియమం. విద్యార్థినులకు ఆ కట్టడి లేదు. మరియమాత పేరిట బడిలో నడిచే సొడాలిటీ అనే సంఘానికి జూలియన్ హెన్రీ అనే బెల్జియం జెస్విట్ ఫాదర్ మార్గదర్శి. ఆ సంఘం పిల్లలు వారానికోసారి జట్లుగా విడిపోయి కొందరు నీల్‌రతన్ సర్కార్ ఆసుపత్రి వార్డులకు, కొందరు మోతీఝీల్ ఇళ్లకు వెళ్లేవారు. అంటే టీచరు మఠం వదలకముందే శిష్యురాళ్లు గోడ దాటారు. మదర్ తర్వాత స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ సభ చరిత్రలో అంతగా చెప్పుకోని ఈ విషయమే అన్నిటికంటే ముఖ్యమైనదని నాకనిపిస్తుంది. పదిహేను పదహారేళ్ల ఆడపిల్లలు జపమాల చెప్పుకుని బయల్దేరి, తమ బడి పక్కనే మనుషులు ఎలా బతుకుతున్నారో చూసి వచ్చారు. అలా చూసి వచ్చాక జపం మునుపటిలా సాగదు.

1946 ఆగస్టులో నగరం మతకల్లోలాలతో అట్టుడికింది. హాస్టల్లో మూడు వందల మంది పిల్లలు, తిండిగింజ లేదు. నియమం పక్కనపెట్టి మదర్ ఒంటరిగా వీధిలోకి వచ్చారు. సైనికులు ఆపి, వెనక్కి తీసుకొచ్చి దించి, బియ్యం బస్తాలు ఇచ్చి వెళ్లారు. మరుసటి నెల 10న డార్జిలింగ్ రైల్లో ఆవిడకు పేదల మధ్యకు వెళ్లమన్న పిలుపు వినిపించింది. అనుమతి రావడానికి రెండేళ్లు పట్టింది. 1948 చివర్లో మోతీఝీల్‌లో బల్లలు, పలకలు లేకుండా పుల్లతో నేల మీద అక్షరాలు దిద్దిస్తూ ఆవిడ బడి పెట్టారు. 1949 మార్చి 19న క్రీక్ లేన్‌లోని ఆవిడ గది తలుపు తట్టింది సుభాషిణీ దాస్, సెయింట్ మేరీస్‌లో చదివిన అమ్మాయి. సిస్టర్ ఆగ్నెస్‌గా పేరు మార్చుకుని మొదటి శిష్యురాలైంది. తర్వాత వచ్చిన మాగ్దలీనా గోమెజ్ సిస్టర్ గెర్ట్రూడ్ అయింది. పేదల సేవకని వచ్చిన ఈ పిల్లల చదువు ఆగిపోకూడదని మదర్ పట్టుబట్టారు. గెర్ట్రూడ్ డాక్టరు చదువు పూర్తి చేసింది. 1950 అక్టోబరు 7న సభకు రోమ్ ఆమోదం వచ్చేసరికి ఆ చిన్న గుంపులో చాలామంది ఎంటాలీ పూర్వ విద్యార్థినులే.

ఆ దారిన ఇప్పటికీ కాలేజీ పిల్లలు వస్తూనే ఉన్నారు. స్పెయిన్, ఐర్లాండ్, అమెరికా, కొరియాల నుంచి, మన దేశంలోని కేథలిక్ కాలేజీల నుంచి సెలవుల్లో వస్తారు. తెల్లవారుజామున మదర్ హౌస్‌లో పూజ, తర్వాత బ్రెడ్డు, అరటిపండు, టీ, ఒక చిన్న ప్రార్థన. ఆ వెంటనే ఎవరికి చెప్పిన ఆశ్రమానికి వాళ్లు బయల్దేరుతారు. కొందరి వంతు కాళీఘాట్. కాళికాలయం పక్కన యాత్రికులు బస చేసే కట్టడాన్ని నగరపాలక సంస్థ ఇస్తే, 1952 ఆగస్టు 22న అక్కడ నిర్మల్ హృదయ్ తెరుచుకుంది. వీధుల్లో చనిపోతున్నవాళ్లను తీసుకొచ్చి పడుకోబెట్టే చోటు అది.

చేయి పట్టుకుని ఓదార్చడం గురించి ఊహించుకుని వచ్చిన పిల్లలకు అక్కడ ముందు ఎదురయ్యేది బట్టల ఉతుకు. రాత్రి తడిసిన దుప్పట్లు, మలమూత్రాలంటిన చొక్కాలు, కట్లు కట్టిన గుడ్డలు కుప్పగా పడి ఉంటాయి. ఒక తొట్టిలో మందునీళ్లు, ఇంకో తొట్టిలో సబ్బునీళ్లు, పక్కన జాడించడానికి మంచినీళ్లు. వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటారు. తడిసిన దుప్పటి బరువు ఒక్కరి వల్ల కాదు. చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పి పిండాలి. ఆ రెండో కొస పట్టుకున్న మనిషి పేరేమిటో, ఏ భాష మాట్లాడతాడో తెలియదు. పిండిన దుప్పట్లు బకెట్లకెత్తుకుని మేడ మీద ఆరేసి, దిగి వచ్చి గిన్నెలు తోమాలి, అన్నం తినిపించాలి, గడ్డాలు గీయాలి. ఫొటోకు పనికొచ్చేది ఇందులో ఏమీ లేదు. సేవ అంటే ఇదని పిల్లలకు తెలియాల్సిందే.

చేసి వచ్చాక ఏం ఆలోచించాలి? సాయంత్రం దివ్యసత్ప్రసాద ఆరాధనలో మోకరించిన పిల్లల్లో చాలామందిని పీడించే ప్రశ్న ఒకటుంది. ఇంత చేసినా దేవుడు దగ్గరైనట్టు అనిపించడం లేదేమిటని. దానికి ఆ ఇంట్లోంచే ఒక జవాబు వచ్చింది. మదర్ థెరీసా తన ఆధ్యాత్మిక గురువులకు రాసిన ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. దాదాపు అర్ధ శతాబ్దం పాటు ప్రార్థనలో ఆవిడకు మిగిలింది శూన్యమేనని, దేవుడి సాన్నిధ్యం అనుభవానికి రాలేదని వాటివల్ల లోకానికి తెలిసింది. అయినా తెల్లవారుజామున లేవడం మానలేదు, రోగి నోటికి ముద్ద అందించడం మానలేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని ‘మీరు నాకే చేశారు’ అన్న మాటను ఆవిడ ఇంగ్లిషులో ఐదు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవారు. అది మనసుకు ఏం అనిపించిందన్న లెక్క కాదు, చేతులు ఏం చేశాయన్న లెక్క. ఇరవై ఏళ్ల పిల్లలకు ఇంతకు మించిన ధైర్యం ఇంకెవరివ్వగలరు?

ప్రశ్న అక్కడితో ఆగకూడదు. 1994లో లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కాళీఘాట్ చూసి, నయమయ్యే రోగాన్నీ కానిదాన్నీ వేరుచేసే పద్ధతి సరిగా లేదని, నొప్పి తగ్గించే బలమైన మందులు లేవని రాశారు. అది వినడం విశ్వాసానికి కీడు కాదు. మెడిసిన్, నర్సింగ్ చదివే కేథలిక్ పిల్లలు తప్పక చదవాల్సిన వ్యాసం అది. ప్రేమ ఉన్నచోట మందు కూడా ఉండాలి. పక్కన కూర్చున్నాం కదా అని రోగి నొప్పిని అలా వదిలేయడం న్యాయం కాదు. గుంపుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మనకేం నేర్పింది అని మాత్రమే అడిగి లేచిపోతే, పేదవాడు మన పాఠానికి ఉపకరణమైపోతాడు. ఆయనకేం ఒరిగిందని కూడా అడగాలి.

ఆ ప్రశ్నను ఇదే రోడ్డు మీద గట్టిగా పట్టుకున్నది సియాల్దా లొరెటో బడి ప్రిన్సిపాల్, ఐర్లాండ్ నుంచి వచ్చిన సిస్టర్ సిరిల్ మూనీ. ఫీజు కట్టగలిగే పిల్లల పక్కనే కట్టలేని పిల్లలను కూర్చోబెట్టారు. బడిలో దాదాపు సగం వాళ్లే అయ్యేదాకా వదల్లేదు. స్టేషన్ చుట్టుపక్కల తిరిగే ఆడపిల్లలకు బడి పైఅంతస్తులోనే ఇల్లు కట్టించి, వాళ్లకు చదువు చెప్పే పని బడిలోని మిగతా పిల్లలకే అప్పగించారు. సేవ సెలవుల్లో చేసేది కాకుండా టైంటేబుల్‌లో ఒక పీరియడ్ అయింది. 2007లో పద్మశ్రీ అందుకున్న ఆవిడ 2023లో కన్నుమూశారు. ఆ నమూనాలో పుట్టిన రెయిన్‌బో హోమ్స్ మన హైదరాబాద్‌లోనూ వీధిబాలలకు నీడనిస్తున్నాయి. నా మటుకు నాకు నెల రోజుల కోల్‌కతా యాత్ర కంటే ఈ పీరియడ్ మీదే గురి ఎక్కువ.

తెలుగునాట కేథలిక్ కాలేజీలకు లోటు లేదు. విజయవాడలో ఆంధ్ర లొయోలా, మారిస్ స్టెల్లా, హైదరాబాద్‌లో సెయింట్ ఫ్రాన్సిస్, సికింద్రాబాద్‌లో లొయోలా అకాడమీ, విశాఖలో సెయింట్ జోసెఫ్స్ ఉన్నాయి. మదర్ సిస్టర్ల నిర్మల్ హృదయ్ భవన్ విజయవాడలోనూ ఉంది. కాబట్టి ఈ కాలేజీల పిల్లలకు ఒక మాట. కోల్‌కతా టికెట్ కొనేముందు మీ ఊళ్లో ఉన్న ఆశ్రమానికి వెళ్లి, ఏ పనికి మనుషులు తక్కువ పడుతున్నారో సిస్టర్లను అడగండి. క్రిస్మస్‌కు కేకుతో వెళ్లడం కాదు, వారానికోసారి ఏడాది పాటు వెళ్లండి. ఫోన్ గేటు దగ్గర ఇచ్చేయండి. వచ్చాక ఇంటికి పరుగెత్తకుండా అరగంట కూర్చుని, చూసింది దాచకుండా మాట్లాడుకోండి.