కొత్త కారు, మొరాయించే బ్యాటరీ: తప్పు ఎవరిది?

ఏళ్ల తరబడి పొదుపు చేసిన సొమ్ముతో కారు కొనడం మధ్యతరగతి కుటుంబానికి చిన్న విషయం కాదు. ఆ కారు నెల తిరక్కముందే ఒక ఉదయం స్టార్ట్ కాకుండా మొరాయిస్తే ఇంటిల్లిపాదీ కలత చెందుతుంది. శాలిబండ, యాకుత్‌పురా వంటి పాతబస్తీ ప్రాంతాల ఇరుకు గల్లీలలో అది ఇరుగుపొరుగువారి దారికీ అడ్డమే. లోపం వాడకంలో ఉందని షోరూము వారు, బండిలోనే ఉందని కొన్నవారు వాదించుకుంటారు. ఈ వాదన తేలాలంటే ముందు కారణం తెలియాలి.

కారణం ఎక్కడుంది?

స్టార్ట్ చేసినప్పుడు ఖర్చయిన విద్యుత్తును, ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ తిరిగి బ్యాటరీలో నింపుతుంది. ఇంటి నుండి మదీనా చౌరస్తా వరకు వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాలే నిత్యం చేస్తుంటే నింపుకోవడానికి వ్యవధి చాలదు. అరకొర ఛార్జితో ఎక్కువ రోజులు ఉన్న బ్యాటరీలో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం తగ్గుతుంది. 40 డిగ్రీలు దాటే మన వేసవి కూడా దాని ఆయుష్షును హరిస్తుంది. బయట తీగలు కత్తిరించి అమర్చిన స్పీకర్లు, కెమెరాలు బండి ఆగి ఉన్నా విద్యుత్తును లాగవచ్చు. వారంటీ నిరాకరణకు అవే సాకు కావచ్చు.

ఇవన్నీ వాడకానికి సంబంధించినవి. అయితే అమ్మకానికి ముందు యార్డులో నెలల తరబడి కదలకుండా నిలిచిన కారు బ్యాటరీ అప్పటికే క్షీణించి ఉండవచ్చు. ఆల్టర్నేటరులోనో, వైరింగులోనో తయారీ లోపం ఉండవచ్చు. వీటికి కొనుగోలుదారు బాధ్యుడు కాడు.

మల్టీమీటరుతో కొంత తేల్చుకోవచ్చు. రాత్రంతా ఆగిన కారులో సుమారు 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు, 12.2కు దిగితే సగమే ఉన్నట్లు. ఇంజన్ నడిచేటప్పుడు సాధారణంగా 13.5 నుండి 14.5 వరకు ఉండాలి. పెరగకపోతే ఆల్టర్నేటరును పరీక్షింపజేయాలి.

ఆధారాలు భద్రం

బండి ఆగిన ప్రతిసారీ ఫిర్యాదును లిఖితపూర్వకంగా ఇచ్చి, జాబ్ కార్డు ప్రతిని తీసుకోవాలి. బ్యాటరీపై ఉన్న సంఖ్యను, తయారీ తేదీని ఫొటో తీసి ఉంచాలి. బ్యాటరీకి వారంటీ తరచుగా దాని తయారీదారు నుండి విడిగా ఉంటుంది గనుక ఆ పత్రాన్ని వేరుగా చదవాలి. తొందరపడి బయట కొత్త బ్యాటరీ వేయించి పాతదాన్ని ఇచ్చివేస్తే సాక్ష్యమే పోతుంది.

షరీఅత్, చట్టం

బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గమనించిన దైవప్రవక్త (స), దాన్ని పైకి కనబడేలా ఉంచవలసిందని అమ్మేవానికి చెప్పి, మోసాన్ని తీవ్రంగా ఖండించిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. అమ్మకానికి ముందే ఉన్న లోపం తర్వాత బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కును ఫిఖహ్ పండితులు ‘ఖియారె ఐబ్’ అన్నారు. కొన్నవాని చేతిలో పుట్టిన లోపానికి ఆ హక్కు వర్తించదు. కాబట్టి రాత్రంతా దీపాలు వెలిగించి ఉంచి, నింద కంపెనీపై మోపడమూ న్యాయం కాదు.

దేశ చట్టం కూడా కొనుగోలుదారుకు అండగా ఉంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించనప్పుడు, తాము నివసించే జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. గడువు రెండేళ్లు. ధర 5 లక్షల వరకైతే రుసుము లేదు. 5 నుండి 10 లక్షలకు 200 రూపాయలు. అవసరమైతే లోపాన్ని ప్రయోగశాలలో పరీక్షింపజేసే అధికారం కమిషన్‌కు ఉంది.

పాతబస్తీలో కొనేవారే కాదు, అమ్మేవారూ మరమ్మతు చేసేవారూ మన ఇళ్లలోనే ఉన్నారు. లోపాన్ని దాచకపోవడం వారి అమానతు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, సహనంతో హక్కును కోరడం కొన్నవారి బాధ్యత.