నీళ్లలో నేసిన నీడ

పోయినేడు తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతున్నాను. బోర్డు మీద ఎప్పుడూ వేసే లెక్కే వేశాను. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోతుంది, పడవ అడుగు నుంచి పంపిన శబ్దం నేలకు తగిలి రెండు సెకన్లకు తిరిగొచ్చింది, లోతెంత? 1,480 మీటర్లని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం చెయ్యెత్తింది. "లోతు తెల్సింది సార్. గని కింద ఉన్నది పడవనా, బండనా? అదెట్ల తెలుస్తది?"

ఆ పిల్లది సిరిసిల్ల. తండ్రి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. తను కోరుట్లలో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. నాకు మాత్రం కచ్చులూరు గుర్తొచ్చింది.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు, 26 మందే ఒడ్డుకు చేరారు. వరంగల్ పక్కనున్న కడిపికొండ వాళ్లు కూడా ఆ బోటులో ఉన్నారు. మన ధర్మపురి మెట్లను తాకిన గోదావరే అక్కడ కొండల మధ్య ఇరుకై, లోతై, సుడులు తిరుగుతుంది. బోటు రెండు వందల అడుగులకు మించిన లోతుకు పోయింది. పైన వరద, లోపల చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత బురద. అలాంటి నీళ్లలో కెమెరా గుడ్డిదే. ఉత్తరాఖండ్ నుంచి ఒక బృందం సైడ్ స్కాన్ సోనార్ అనే శబ్దయంత్రాన్ని పట్టుకొచ్చి అడుగును వెతికింది. బోటును బయటికి లాగింది మాత్రం కాకినాడ ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనుప తాళ్లు, పొక్లెయిన్ పెట్టి, తాళ్లు తెగినా మళ్లీ వేసి, దిగగలిగినప్పుడు డైవర్లను దింపి, అక్టోబరు 22న, అంటే 38వ రోజున, ఒడ్డుకు చేర్చారు. ఆ రోజుల్లో టీవీలన్నీ లంగరునే చూపించాయి. నా మనసు సోనార్ మీద పడింది. బురదనీళ్లలో, చీకట్లో, శబ్దంతో బొమ్మ ఎలా గీస్తారు?

ఆ యంత్రం వెనకున్న మనిషి వెలుగుతో పనిచేసినవాడు. పాలచుక్క పడి కిరీటంలా చిమ్మిన ఫోటో మీరు చూసే ఉంటారు. అది తీసింది ఎం.ఐ.టి. ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్గర్టన్. రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండని మెరుపు దీపాన్ని ఆయన తయారుచేశాడు. ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు కుస్తోతో కలిసి ఆ దీపాన్ని, కెమెరాను సముద్రపు అడుగుకు దించాడు. అప్పుడొక చిక్కు వచ్చింది. కెమెరా నేలకు ఎంత ఎత్తులో వేలాడుతోందో పైనున్న వాళ్లకు తెలియదు. అందుకని దానికి కిందికి శబ్దం కొట్టే చిన్న పరికరం తగిలించాడు. దాని పేరు పింగర్. తరవాత ఒకరోజు ఆ పింగర్‌ను పక్కకు తిప్పాడు. ఈ కథంతటిలో నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది ఈ చిన్న పనినే. కొత్త భాగమేదీ చేర్చలేదు, ఉన్నదాన్ని పక్కకు తిప్పాడు, అంతే. 1944 తుపానులో పన్నెండు మందితో మునిగిన వైన్‌యార్డ్ అనే దీపనౌక ఆచూకీ 1963లో ఆ తిప్పిన పింగర్‌తోనే దొరికింది.

అయితే ఆ మొదటి శబ్దం గరాటులా విచ్చుకునేది. గరాటు కింద ఎంత నేల ఉంటే అంత నేలా ఒకేసారి బదులు పలుకుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. కావలసింది విసనకర్రలాంటి శబ్దం. పైనుంచి కిందికి బాగా విచ్చుకోవాలి, ముందుకూ వెనక్కూ మాత్రం అట్టముక్కంత పలచగా ఉండాలి.

శబ్దాన్ని అట్టలా పలచన చెయ్యడమెలా? ఇందులో తమాషా ఉంది. ఏ దిక్కులో పలచన కావాలో ఆ దిక్కులోనే శబ్దం పుట్టే పట్టీని పొడుగ్గా చెయ్యాలి. పిల్లలకు ఇలా చెప్పాను. బతుకమ్మ ఆడేవాళ్లను వలయంగా కాకుండా మన కాలువగట్టు పొడుగునా ఒక్క వరుసలో నిలబెట్టండి, అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టాలి. వరుసకు నేరుగా ఎదురుగా, దూరంగా నిలబడ్డవాడికి చప్పట్లన్నీ ఒకేసారి చేరి ఒక్క పెద్ద చప్పుడవుతాయి. వరుస కొసవైపు పోయి నిలబడ్డవాడికి దగ్గరివి ముందూ దూరానివి వెనకా వచ్చి చెదిరిపోతాయి. నీటిలో అలలకు ఇదింకా గట్టిగా వర్తిస్తుంది. ఒక అల ఎత్తు ఇంకో అల పల్లంలో పడి రెండూ చచ్చిపోతాయి. వరుస ఎంత పొడుగైతే, శబ్దం బలంగా వినిపించే మేర అంత సన్నబడుతుంది. సెకనుకు 4,55,000 సార్లు కంపించే సోనార్ శబ్దానికి అల పొడవు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. ఇరవై సెంటీమీటర్ల పట్టీ ఉంటే చాలు, విసనకర్ర మందం ఒక్క డిగ్రీకి వస్తుంది.

ఇక పని సులువు. ఒక్కసారి శబ్దం కొడితే, పడవకు అడ్డంగా నేల మీద సన్నటి గీత మేర నుంచి మాత్రమే ప్రతిధ్వని వస్తుంది. దగ్గరి నేల ముందు పలుకుతుంది, దూరపు నేల తరవాత. గట్టి రాయి, ఇనుము బిగ్గరగా పలుకుతాయి, మెత్తటి ఒండ్రు గొణుగుతుంది. ఆ గీతను తెర మీద వేస్తారు. పడవ ఇంత ముందుకు జరుగుతుంది, ఇంకో గీత పడుతుంది. 75 మీటర్ల దూరం దాకా చూడాలంటే శబ్దం పోయి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది, అంటే సెకనుకు పది గీతలు. పడవ సెకనుకు రెండు మీటర్లు పోతే గీతకూ గీతకూ ఇరవై సెంటీమీటర్ల ఎడం.

ఇంత వరకూ చెప్పేసరికి ఆ పిల్ల లేచి నిలబడింది. "పేక లెక్కనే సార్! నాడె అటు పోయి ఇటొస్తే ఒక పోగు పడ్తది. బట్ట ముందటికి గుంజుకపోతది, ఇంకో పోగు."

ఇంతకన్నా మంచి వివరణ నేనింకెక్కడా వినలేదు. శబ్దం నాడె, పడవ వేగం బట్టను చుట్టే దోనె. చుట్టడం తొందరైతే నేత పలచబడినట్టు, పడవ తొందరపడితే బొమ్మ పలచబడుతుంది. పడవ వంకర తిరిగితే పేక ఒకవైపు గుట్టపడి ఇంకోవైపు విడిపోయినట్టు బొమ్మ మెలి తిరుగుతుంది. సిరిసిల్లలో పుట్టిన పిల్లకు సోనార్ కొత్తేమీ కాదు.

ఆమె అడిగిన అసలు ప్రశ్నకు జవాబు మాత్రం ఈ పోగుల్లో లేదు, పోగులు పడని చోట ఉంది. నేల మీద నిలిచిన వస్తువు శబ్దాన్ని ఆపేస్తుంది. దాని వెనకనుంచి ఏ ప్రతిధ్వనీ రాదు, తెర మీద అక్కడ నల్లటి నీడ పడుతుంది. వస్తువును మించి నీడే ఎక్కువ చెబుతుంది. బండ నీడ ముద్దగా ఉంటుంది. పడవ నీడలో అంచు, కమ్మీలు, గది కప్పు విడివిడిగా కనిపిస్తాయి. ఎత్తు కూడా నీడే చెబుతుంది. నీడ పొడవును నేల మీంచి సోనార్ ఉన్న ఎత్తుతో గుణించి, నీడ చివరికి సోనార్ నుంచి ఉన్న దూరంతో భాగిస్తే వస్తువు ఎత్తు వస్తుంది. సరూప త్రిభుజాల లెక్కే.

నీడ కావాలంటే దీపం కిందుగా ఉండాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం జగిత్యాల కోట బురుజులకు నీడ దాదాపు ఉండదు, పొద్దు వాలితేనే నీడలు కందకం దాటి పోతాయి. సోనార్ కూడా నేలకు దగ్గరగా, చూసే దూరంలో పదోవంతు నుంచి ఐదోవంతు ఎత్తులో ఎగరాలి. లోతైన నీళ్లలో దాన్ని చేపలాంటి గొట్టంలో పెట్టి తాడుతో కిందికి దించి లాగేది అందుకే. రెండు వందల అడుగుల లోతున్న ఇరుకు లోయలో, వరదలో, ఆ చేపను తిన్నగా లాగడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

తరవాతి చరిత్ర వేగంగా నడిచింది. ఇదే ఊహను అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో జూలియస్ హాగెమన్ ముందే పట్టుకున్నాడు. 1958లో పెట్టిన ఆయన పేటెంటు దరఖాస్తు రహస్యపు కట్టలో ఉండిపోయి 1980లో బయటికొచ్చింది. ఆలోగా ఎడ్గర్టన్ కంపెనీలో పనిచేసిన మార్టిన్ క్లైన్ రెండు వైపులా చూసే సోనార్‌ను అమ్మకానికి తెచ్చేశాడు. 1545లో మునిగిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్ జాడ 1967-68ల్లో వీళ్ల సోనార్లతోనే దొరికింది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరి 2016 జులై 22న మాయమైన ఏఎన్-32 విమానంలో 29 మంది ఉన్నారు, వాళ్లలో 8 మంది విశాఖ నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. 3,400 మీటర్ల లోతున దాని శకలాలు కనబడ్డాయని 2024 జనవరిలో ప్రకటించారు. అక్కడా వెతికింది సోనారే. ఈ మధ్యలో, 2005లో, హమ్మిన్‌బర్డ్ అనే చేపల వేట పరికరాల కంపెనీ సైడ్ స్కాన్‌ను చిన్న పెట్టెలోకి ఎక్కించింది. అప్పటిదాకా మంచి కారు ధర పలికిన చూపు మోటార్‌సైకిల్ ధరకు దిగొచ్చింది.

తక్కువ ఖర్చుతో వెతకాలనుకునే వాళ్లకు నా సలహా ఇదే. ముప్పై, నలభై మీటర్ల లోపు నీళ్లయితే ఆ పెట్టె చాలు. పెద్ద తెరకు డబ్బు పెట్టకండి, జీపీఎస్ ఉన్నదీ, గీతలను దాచుకునేదీ తీసుకోండి. రెండు స్థాయిల శబ్దం ఉంటే తక్కువ కంపనాలతో వెడల్పుగా వెతికి, అనుమానం వచ్చిన చోట ఎక్కువ కంపనాలతో దగ్గరగా చూడొచ్చు. ఎక్కువ కంపనాల శబ్దం సన్నటి వివరం ఇస్తుంది కానీ నీళ్లు దాన్ని తొందరగా మింగేస్తాయి. ఇనుప పడవ ఒండ్రు కింద పూడిపోయి ఉంటే సైడ్ స్కాన్‌కు కనిపించదు. దానికి ఇనుమును అయస్కాంత ప్రభావంతో పసిగట్టే మాగ్నెటోమీటర్ కావాలి. కిరోసిన్ సీసాకు రాగితీగ చుట్టి చేసుకోగలిగిన రకం కూడా ఉంది. ఆ సంగతి మరో వ్యాసం అంత ఉంది. అన్నిటికంటే ముందు జాలర్లను అడగండి. మేరీ రోజ్‌ను 1836లో మొదట పట్టిచ్చింది సోనార్ కాదు, జాలర్ల వలలు అక్కడ తట్టుకోవడమే.

దుబాయ్‌లో పనిచేసే మా మేనల్లుడు సెలవుకొస్తూ వాడిన పెట్టె ఒకటి తెచ్చిపెట్టాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఓ వెదురుబొంగు, రెండు బిగింపులు మావి. ఆదివారం పొద్దున సిరిసిల్ల పక్కన మధ్యమానేరు జలాశయానికి పోయాం. నేను, ఆ పిల్ల, వాళ్ల నాన్న. లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాకే తెప్పలెక్కాం. అనుపురం, రుద్రవరం, సంకెపల్లి లాంటి ఊళ్లు ఆ నీళ్ల కింద ఉన్నాయి. వల ఎక్కడ చిరుగుతుందో అడిగితే, ముంపు ఊరి నుంచి వచ్చిన ఓ ముసలి జాలరి తెడ్డుతో చూపించాడు.

మొదటి రెండు విడతలూ పాడైపోయాయి. గాలికి తెప్ప తిరిగి బొమ్మంతా మెలికలు పడింది. మూడోసారి ఆ జాలరి గాలికి ఎదురుగా, నడిచినంత మెల్లగా, తిన్నగా తెడ్డేశాడు. తెర మీద ఒండ్రు, మళ్లీ ఒండ్రు, ఆ తరవాత గీత గీసినట్టు తిన్నటి అంచు, దాని వెనక నల్లటి నీడ. పిల్ల నోట్‌బుక్ తీసింది. నీళ్ల లోతు, అంటే సోనార్ ఉన్న ఎత్తు, 8 మీటర్లు, నీడ పొడవు 9, నీడ చివరికి దూరం 24. తొమ్మిది ఎనిమిదులు డెబ్బై రెండు, బై ఇరవై నాలుగు.

"మూడు మీటర్లు ఉన్నది తాతా. గోడ."

ఆయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని తెరకేసి వంగాడు. నీడ మధ్యలో నలుపు తెగి ఓ తెల్లటి చదరం ఉంది. గోడలో సందు ఉండి శబ్దం దూరిపోయిన చోటు అది. దాని మీద వేలు పెట్టాడు.

"గిది కిటికీ బిడ్డా. బడి కిటికీ. కొంచెం ఎడమకు పోనిస్త, వాకిలి గూడ అస్తదేమో సూడు."