తేటనీటిలో దాగిన కలుపు మందు

నాట్లు పూర్తయిన వారానికి కొత్తపేట వైపు నుండి ఒక గృహిణి సీసాడు కాలువ నీరు తెచ్చి నా ముందుంచారు. "శాస్త్రిగారూ, చిల్లగింజ అరగదీసి కలిపాను, నీరు తేటపడింది. కాచి పిల్లలకు ఇవ్వవచ్చునా?" అని అడిగారు. వెంటనే అవునని చెప్పలేకపోయాను.

సుశ్రుత సంహిత కల్పస్థానంలో విషజల లక్షణాలు చెప్పబడ్డాయి: జిగురు, ఉగ్రమైన వాసన, నురుగు, నీటిపై చారలు, చేపలూ కప్పలూ చనిపోవడం. గురుకులంలో ఇవి వల్లె వేసినవాడను. కాని మన రైతులు నాట్లయిన మూడు నాలుగు రోజులకు ఇసుకలో కలిపి చల్లే బ్యూటాక్లోర్ వంటి మందు స్వల్పంగా కాలువలో చేరినపుడు ఈ లక్షణాలలో ఒక్కటీ కానరాదు. చిల్లగింజ, పటిక బురదను దింపుతాయే గాని కరిగిన మందును దింపవు. కాచుట క్రిములకు మందు, దీనికి కాదు. 2012 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో బ్యూటాక్లోర్ 125, అట్రాజిన్ 2 మైక్రోగ్రాములకు మించరాదు. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షల వంతు! నాలుక దానిని పట్టజాలదు.

వెలుగు పట్టగలదు. మధుమేహ రోగులకు మేమిచ్చే వేగిస చెక్క నానిన నీటిని గాజు గ్లాసులో పోసి ఎండలో పక్కనుండి చూడండి, నీలిఛాయ తోచును. అదే ప్రతిదీప్తి. కొన్ని పదార్థాలు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను గ్రహించి, మరొక వర్ణపు వెలుగుగా వదలుతాయి. ఐసోప్రోట్యూరాన్, డైయూరాన్ వంటి కలుపు మందులు స్వతహాగా అంతగా వెలగవు. ఆ కిరణాల క్రింద ఉంచితే మార్పు చెంది, వెలిగే పదార్థాలను ఇస్తాయి.

అయితే నీటిలో ఆ వెలుగు బలహీనం. చుట్టూ ఉన్న నీటి అణువుల తాకిడికి శక్తి వేడిగా వృథా అవుతుంది. ఇక్కడ సైక్లోడెక్స్‌ట్రిన్ సాయపడుతుంది. 1891లో విలియర్స్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పిండిపదార్థం నుండి దీనిని కనుగొన్నాడు. బీటా రకంలో 7 గ్లూకోజు అణువులు వలయంగా కూడి అడుగులేని బుట్టవలె ఉంటాయి. బుట్ట వెలుపలి భాగానికి నీటితో పొత్తు, లోపలకు జిడ్డు పదార్థాలతో పొత్తు. మందు అణువు లోపల ఒదిగితే, గాలికి అడ్డుపెట్టిన దీపంలా ప్రకాశం హెచ్చుతుంది. అన్ని మందులకూ ఒకే బుట్ట సరిపోదు సుమా.

మన కాలువలలో కొబ్బరి మట్టలు, ఆకులు కుళ్ళిన నీరు కూడా నీలంగా వెలుగుతుంది. కనుక క్రొమటోగ్రఫీతో పదార్థాలను వేరుచేసి నిర్ధారించుకోవాలి.

ఆమెతో, మందు చల్లే రోజులలో పొలాల మురుగు కలిసే చోటి నీరు తాగుటకు వద్దని, యాక్టివేటెడ్ బొగ్గు ఉన్న ఫిల్టరు చాలావరకు లాగుతుందని చెప్పాను. పరీక్షకు మాత్రం ఆ సీసా పనికిరాదన్నాను. ఎండలో బస్సు మీద వచ్చిన నీరది, వెలుగుకు మందే మారిపోవచ్చు. గోధుమరంగు గాజు సీసాలో పట్టి, చల్లగా, చీకటిలో ఉంచి పంపమన్నాను.