తండా భాష వచ్చా? రెజ్యూమెలో రాశారా?

సాయంత్రం పాలకుర్తి బస్టాండులో కాలేజీ పిల్లల్ని గమనించండి. తెలుగులో జోకులేసుకుంటూ బస్సు దిగిన అమ్మాయి, ఇంటినుంచి ఫోన్ రాగానే నాలుగడుగులు పక్కకు జరుగుతుంది. గొంతు తగ్గించి 'యాడీ' అంటూ గోర్ బోలిలో మాట్లాడుతుంది. యాడీ అంటే అమ్మ. అమ్మతో మాట్లాడ్డానికి గొంతు ఎందుకు తగ్గించాలి? ఆ అమ్మాయి మీరే కావచ్చు. ఆమె పక్క సీట్లో మూడేళ్లు కూర్చుని కూడా ఆ మాటకు అర్థం అడగనివారూ మీరే కావచ్చు.

ఇప్పుడు మీ రెజ్యూమె తీయండి. 'తెలిసిన భాషలు' దగ్గర ఏం రాశారు? తెలుగు, ఇంగ్లిష్, హిందీ. అంతేనా? పుట్టినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడే భాషను చాలామంది తండా పిల్లలు వదిలేస్తారు. అడిగితే 'దానికి లిపి లేదు కదా సార్' అంటారు. లేకపోతే ఏం, తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభాలో సుమారు 9 శాతం గిరిజనులు. వారిలో లంబాడాలే అత్యధికం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. రేపు మీరు పంచాయతీ కార్యదర్శి అయినా, ఏఎన్ఎం అయినా, బ్యాంకు ఉద్యోగి అయినా ఆ గడపల్లోకి వెళ్లాల్సిందే.

వెళ్లడమంటే ఎలా ఉంటుందో ఆదిలాబాద్ చెబుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోలీసు కాల్పుల్లో చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన పని ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మీద పడింది. పంపింది నిజాం సర్కారే, తన అవసరం కోసమే. అది మరిచిపోవద్దు. హైదరాబాద్‌లో కూర్చుని రిపోర్టు రాసిచ్చినా అడిగేవాళ్లు ఉండేవారు కాదేమో! ఆయన మాత్రం భార్య బెట్టితో కలిసి మార్లవాయిలో గుడిసెలో కాపురం పెట్టారు. గోండీ నేర్చుకున్నారు. 1943లో అక్కడే టీచర్ ట్రైనింగ్ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. పట్నం నుంచి పంతుళ్లను దించకుండా గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. 1987లో బెట్టి హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయికే తీసుకెళ్లి ఖననం చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ సమాధి కూడా ఆమె పక్కనే ఉంది.

అంతదూరం ఎందుకు, మేడారం మనకు దగ్గరే. గ్రూప్-2 కోసం చిలకలగుట్ట, కన్నెపల్లి అంటూ బట్టీ పడతాం. పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి వస్తాడనీ చెప్పేస్తాం. బెల్లాన్ని బంగారమని తలమీద పెట్టుకుని వెళ్తాం. గద్దెల దగ్గర పూజ చేసే కోయ పూజారుల భాషలో ఒక్క మాటైనా నేర్చుకుని వచ్చామా? కోయలో ఏరు అంటే నీళ్లు. మన ఏరులో పారేదీ అవే!

ఇంటర్వ్యూలో 'గోర్ బోలి వచ్చు' అని ఊరుకోకండి. ఎక్కడ వాడారో చెప్పండి. ఆసుపత్రిలో అమ్మమ్మకు మందులు ఏ పూట వేసుకోవాలో విడమరిచారా? బ్యాంకులో ఎవరికైనా ఫారం చదివి అర్థం చెప్పారా? అదే మీ అనుభవం. అయిదు మాటలొస్తే మాత్రం అయిదే వచ్చని చెప్పండి, దొరికిపోతారు. పై చదువుల వైపు మనసుంటే ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. దానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ విభాగమూ ఉంది. పోటీ పరీక్షలకు హైదరాబాద్ వెళ్లినప్పుడు మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియంలో ఒక గంట గడపండి.

తండా బయట పెరిగినవారికి ఒక మాట. 'నీకేంరా, రిజర్వేషన్ ఉంది' అన్నచోటే స్నేహం ఆగిపోతుంది. తర్వాత వాడు నవ్వినా మీతో మనసు విప్పి మాట్లాడడు. కాలేజీ ఫంక్షన్ రోజు మాత్రమే లంబాడా డ్రెస్సు వేయమని అడగడమూ అలాంటిదే. శ్రావణంలో తీజ్‌కు పిలిస్తే వెళ్లండి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. వెళ్లినప్పుడు ఫోన్ జేబులో పెట్టి, ముందు వాళ్ల యాడీని పలకరించండి. 'రాం రాం' అంటే చాలు.