లంకవాసుల పడవ బ్రతుకు

మెట్టప్రాంతమైన కోహీరులో పుట్టినవానికి నీరనగా బావినీరే. జామతోటకు పెట్టే తడి, చెరువులో నిలిచిన నీరు, వానకాలంలో నాలుగు దినాలు పారే వాగు: ఇంతకు మించిన పరిచయం మనకు లేదు. గడప దాటితే పడవ ఎక్కవలసిన ఊళ్ళున్నవని చెప్పినప్పుడు మనకు వింతగా తోచటం సహజమే. అయినను ఆ ఊళ్ళకూ మనకూ ఒక చుట్టరికం కలదు. జహీరాబాదు ప్రాంతపు నారింజవాగు మంజీరను చేరుతుంది. మంజీర కందకుర్తివద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి సముద్రానికి పోతూ కోనసీమ లంకలను చుట్టుకొంటుంది. మన పొలాన పడి పారిన నీరే ఎన్నడో ఒకనాడు లంకవాసి రేవును తాకుతుందన్నమాట.

ఇంతకూ లంక ఎట్లా ఏర్పడుతుంది? ధవళేశ్వరం దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలుతుంది. వసిష్ఠనుండి వైనతేయ విడివడుతుంది. వరద తెచ్చిన ఒండ్రు ఈ పాయల నడుమ మేటవేసి, ఏళ్ళ తరబడి పేరుకొని, దిబ్బ అవుతుంది. మొదట దానిపై రెల్లు మొలుస్తుంది. పిమ్మట పశువులు మేతకు వస్తవి. ఆపైన కూరగాయలు, కొబ్బరి, చివరకు ఇండ్లు వెలుస్తవి. నేల సారవంతం కావటంచేతనే, ముప్పు తెలిసికూడ మనిషి దానిని విడువలేదు.

లంకలో దినచర్య రేవుతో ఆరంభమవుతుంది. వేకువను పాలు, కూరలు అవతలి ఒడ్డుకు పోవాలె. తరువాత బడిపిల్లలు, కూలిజనం. పురిటినొప్పులు వచ్చిన ఇల్లాలికైనా, పెండ్లివారికైనా దారి అదే. లోతు తక్కువైనచోట గెడ వేస్తారు. లోతైనచోట తెడ్డు వేస్తారు. గాలి కలిసివస్తే తెరచాప ఎత్తేవారు. నేడు చాలచోట్ల ఇంజను వచ్చింది. బండ్లనూ పశువులనూ దాటించటానికి రెండు పడవలను జతకట్టి, పైన బల్లలు పరచిన పంటు ఉంటుంది.

పడవ ప్రయాణం ఇరుగుపొరుగు మర్యాద నేర్పుతుంది. ఒక్కరు తొందరపడి లేచి నిలుచున్నా అందరికీ అపాయమే. అందుచేత బరువు సరిచూచుకొని కూర్చోవటం, సరంగు మాట వినటం అక్కడ చిన్ననాటనే అలవడే నీతి. మోటారు బస్సులు రాకపూర్వం ఈ సహవాసం మరింత దీర్ఘంగా సాగేది. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మీదట తీసిన కాలువలు పైరుకే కాక ప్రయాణానికికూడ ఉపకరించినవి. గూటిపడవలో కుటుంబాలు వంట చేసుకొంటూ, కబుర్లు చెప్పుకొంటూ రాత్రింబవళ్ళు సాగిపోయేవి. గాలి పడిపోతే గట్టున నడిచే మనుష్యులు తాడుకట్టి లాగేవారు.

అయితే ఈ బ్రతుకును అందమైనదిగా మాత్రమే చెప్పి ఊరకుంటే అన్యాయమవుతుంది. 2018 జులైలో పశువుల్లంకవద్ద ఒక నాటుపడవ, కడుతూవున్న వంతెన స్తంభాన్ని ఢీకొని బోల్తాపడింది. బడినుండి ఇండ్లకు మరలుతున్న బాలికలు నీటిపాలైనారు. ఏ వంతెన తమ కష్టం తీర్చునని ఊరివారు ఎదురుచూచారో దాని స్తంభమే పడవకు అడ్డమైనది. ఇకమీదట మిక్కిలి జనాన్ని ఎక్కించకుండటం, ప్రతివారికీ లైఫ్ జాకెట్టు ఇయ్యటం, వరదపోటులో పడవ ఆపివేయటం: ఇవి ఖర్చు లెక్కచూచి మానుకొనదగిన పనులు కావు.

వరదనాటి సంగతి వేరు. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకూ, 2022 జులైలో 71.3 అడుగులకూ ఎక్కింది. రెండవమారు లంకల దారులు మునిగి, అన్నమూ మందులూ పడవమీదనే అందవలసివచ్చినవి. భద్రాచలంలో పెరిగిన నీరు లంకలను చేరటానికి కొంత వ్యవధి పడుతుంది. ముసలివారిని, పసివారిని, పశువులను ఎత్తుకు చేర్చటానికి లంకవాసికున్న గడువు ఆ వ్యవధియే. అందుకే అక్కడ అడుగుల లెక్కను ఇంటిల్లిపాదీ చెవియొగ్గి వింటారు.

ఇక్కడ మబ్బు పట్టినప్పుడు మన రైతు సంతోషించటం న్యాయమే. అదే మబ్బు గోదావరి పొడుగునా విడువక కురిస్తే, ఎక్కడో ఒక రేవులో పడవను మరింత గట్టిగా కట్టుకొనేవారున్నారని కూడ మనం మరువరాదు.